కాలేజీ స్విమ్మింగ్ అండ్ డైవింగ్ కోచ్ కెరీర్: ఎక్కడ మొదలుపెట్టాలి, రోజూ ఉండే పని ఏమిటి?

నీటిబొట్టు:

మా అమ్మాయి అమెరికాలో ఒక డివిజన్ 3 కాలేజీ జట్టులో ఈదుతోంది (అక్కడ కాలేజీ క్రీడలకు మూడు డివిజన్లు, 1 పెద్దది). మూడో ఏడాది, కైనీషియాలజీ (శరీర కదలికల శాస్త్రం). చదువయ్యాక కాలేజీ కోచింగ్‌లోకే వెళ్తానంటోంది. వద్దని చెప్పే ఉద్దేశం లేదు, ఆ దారి ఎలా ఉంటుందో తెలియక అడుగుతున్నాను. మొదటి ఉద్యోగం ఎలా దొరుకుతుంది? డైవింగ్‌లో తనకు ఓనమాలు కూడా రావు. ఉద్యోగం పేరులోనే "స్విమ్మింగ్ అండ్ డైవింగ్" అని ఉంటుంది కదా, అది అడ్డమవుతుందా? ఈ మధ్య జట్లు మూసేస్తున్నారని కూడా వింటున్నాం. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

ఐదోలేన్:

మొదటి ఉద్యోగం సంగతి చెప్తానండీ. మెట్లు మామూలుగా ఇవి: గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ (అందరూ జీఏ అంటారు), అసిస్టెంట్, అసోసియేట్ హెడ్ కోచ్, హెడ్ కోచ్. జీఏ అంటే మాస్టర్స్ చదువుకుంటూ వారానికి 20 గంటలు జట్టు పని చేయడం. ఫీజు మొత్తమో కొంతో మాఫీ అవుతుంది, చేతికి చిన్న స్టైపెండ్ వస్తుంది. ఆ 20 గంటలు కాగితం మీద మాటే. పొద్దున 5:30కి డెక్ (పూల్ ఒడ్డు) మీద ఉండాలి, శనివారం మీట్ (పోటీ) ఉంటే ఆ రోజంతా పోయినట్టే. డివిజన్ 1లో ఇదివరకు "వాలంటీర్ కోచ్" అనే దొడ్డిదారి ఉండేది. 2023 జులైలో ఆ హోదా తీసేసి, ఆ కుర్చీని జీతం ఇవ్వదగ్గ కోచ్‌ల లెక్కలో కలిపారు. చోటైతే పెరిగింది, డబ్బు అన్ని చోట్లా పెరగలేదు.

ఉద్యోగాల సీజన్ గుర్తుపెట్టుకోవాలి. కాన్ఫరెన్స్ (కొన్ని కాలేజీల కూటమి) ఛాంపియన్‌షిప్‌లు ఫిబ్రవరిలో, ఎన్‌సీఏఏ (కాలేజీ క్రీడల జాతీయ సంస్థ) పోటీలు మార్చిలో అయిపోతాయి. హెడ్ కోచ్‌లు కుర్చీలు మారడం అప్పుడు మొదలవుతుంది. ఒక హెడ్ కోచ్ మారితే ఆయన వెంట అసిస్టెంట్లు కదులుతారు, వాళ్ల వెనక ఖాళీలు వస్తాయి. ఆ అల మే, జూన్, జులై దాకా సాగుతుంది. ఆగస్టులో కూడా జీఏ చోట్లు హడావుడిగా నింపుతుంటారు. జనవరిలో ఏమీ కనబడటం లేదని నిరాశపడకూడదు. ప్రకటనలు చూడటానికి ఎన్‌సీఏఏ మార్కెట్, కోచ్‌ల సంఘం సీఎస్‌సీఏఏ పేజీ, ఈత వార్తల సైటు స్విమ్‌స్వామ్ ఉద్యోగాల పేజీ, ఈ మూడూ చాలు.

కాగితాల విషయానికొస్తే, యూఎస్ఏ స్విమ్మింగ్ (అక్కడి జాతీయ ఈత సంఘం) కోచ్ సభ్యత్వం ఇప్పుడే తీసుకోమనండి. దానికి బ్యాక్‌గ్రౌండ్ చెక్, అథ్లెట్ రక్షణ శిక్షణ, స్విమ్ కోచ్‌ల సేఫ్టీ కోర్సు, సీపీఆర్-ఏఈడీ (గుండె ఆగితే చేసే ప్రథమ చికిత్స) శిక్షణ కావాలి. వేసవిలో ఏదైనా క్లబ్‌లో 10 ఏళ్ల పిల్లల గ్రూపు చూసుకోవాలన్నా ఇవే అడుగుతారు. ఏఎస్‌సీఏ (ఇంకో ఈత కోచ్‌ల సంఘం) లెవల్ 1, 2 కోర్సులు ఉంటే మంచిదే, లేవని ఎవరూ తిప్పి పంపరు.

రెజ్యుమేలో తన బెస్ట్ టైములు పైన పెట్టొద్దనండి. హెడ్ కోచ్ వెతికేది వేరు: హై-టెక్ అనే కంపెనీ మీట్ మేనేజర్, టీమ్ మేనేజర్ సాఫ్ట్‌వేర్లు నడపగలదా, రిక్రూట్‌లకు (జట్టులోకి తేవాలనుకునే హైస్కూలు పిల్లలకు) మెయిల్ రాయగలదా, వ్యాన్ తోలగలదా, పొద్దున ప్రాక్టీసు ఒంటరిగా నడిపించగలదా. గజ ఈతగాళ్లు దరఖాస్తుల్లో చాలామందే ఉంటారు. గోడ మీది టచ్‌ప్యాడ్ ఈతగాడి చేతి తాకిడిని పట్టకపోతే, మనుషులు నొక్కిన బటన్ టైములతో ఫలితం సరిచేయగలిగినవాళ్లు తక్కువ.

స్ప్రింగ్‌బోర్డు:

డైవింగ్ భాగానికి నేను జవాబిస్తాను. పేరు ఒకటే అయినా ఇవి రెండు వేర్వేరు విద్యలు. పెద్ద కాలేజీల్లో డైవింగ్ కోచ్ విడిగా ఉంటారు, హెడ్ కోచ్ ఆయన పనిలో వేలు పెట్టరు. చిన్న కాలేజీల్లో డైవింగ్ కోచ్ పార్ట్‌టైమ్, రోజుకు రెండు గంటలు వచ్చి వెళ్లిపోతారు. మీ అమ్మాయికి డైవ్ నేర్పడం రానక్కర్లేదు. కానీ లెక్క రావాలి, ఎందుకంటే పాయింట్లు జట్టువి.

డ్యూయల్ మీట్‌లో (రెండు జట్ల మధ్య పోటీలో) వ్యక్తిగత ఈవెంట్లకు 9-4-3-2-1 పాయింట్లు. 1 మీటరు, 3 మీటర్లు కలిపి రెండు డైవింగ్ ఈవెంట్లు. మన దగ్గర డైవర్ లేకపోతే అవతలివాళ్లు ముగ్గురిని దింపి ఒక్కో బోర్డు మీద 9+4+3 అంటే 16, రెండింటికీ కలిపి 32 పట్టుకుపోతారు. ఆ 32 ఈతలో తిరిగి రాబట్టాలంటే మొదటి స్థానాలు ఎన్ని కావాలో లెక్కేసుకోండి. అందుకే చాలా చిన్న జట్లలో హెడ్ కోచ్ జిమ్నాస్టిక్స్ వదిలేసిన పిల్లల కోసం సెప్టెంబరులో క్యాంపస్ అంతా వెతుకుతుంటారు. అది మంచి పద్ధతే. గాల్లో ఒళ్లు ఎటు తిరిగిందో తెలియడం జిమ్నాస్ట్‌కు ముందే వచ్చి ఉంటుంది. వాళ్లకు మాన్పించాల్సింది ఒకటే, కాళ్ల మీద దిగాలన్న అలవాటు.

స్కోరు ఇలా: ఐదుగురు జడ్జీలుంటే పై మార్కు ఒకటి, కింది మార్కు ఒకటి కొట్టేసి, మిగిలిన మూడూ కలిపి డైవ్ కష్టాంకంతో (ఆ డైవ్ ఎంత కష్టమో చెప్పే అంకెతో) గుణిస్తారు. 1 మీటరు మీద 103బి, అంటే ముందుకు ఒకటిన్నర పల్టీ, పైక్ భంగిమ (కాళ్లు చాచి నడుము దగ్గర వంగడం). కష్టాంకం 1.7. మార్కులు 6, 6.5, 6.5, 7, 7.5 అయితే 20 × 1.7 = 34. అదే పిల్ల తొందరపడి 105సి, అంటే రెండున్నర పల్టీ టక్‌లో (మోకాళ్లు ముడుచుకుని), కష్టాంకం 2.4, వేసిందనుకోండి. నీళ్లలోకి వంకరగా దిగితే లెక్కకు వచ్చే మార్కులు 4, 4, 4.5 అవుతాయి. 12.5 × 2.4 = 30. పైగా వీపు వాచిపోతుంది, రేపటి ప్రాక్టీసులో బోర్డు ఎక్కాలంటే భయం. ఆ భయం పోగొట్టడానికి రెండు వారాలు. కొత్త కోచ్‌లు ఎక్కువగా చేసే తప్పు ఇదే, పెద్ద డైవ్ మీద మోజు.

బోర్డు గురించి ఒక్క మాట. కాలేజీల్లో దాదాపు అంతటా డ్యూరాఫ్లెక్స్ మాక్సీఫ్లెక్స్ బోర్డులే, 16 అడుగుల పొడవు, 20 అంగుళాల వెడల్పు. పక్కన చక్రం తిప్పితే ఫుల్‌క్రమ్ (బోర్డు కింద ఆనుకునే ఆధారం) జరుగుతుంది. నీళ్ల వైపు జరిపితే బోర్డు బిర్రుగా ఉంటుంది, వెనక్కి జరిపితే వదులై పెద్దగా ఊగుతుంది. వదులు బోర్డు ఎత్తు ఇస్తుంది, కానీ అది కిందికి వెళ్లి తిరిగి పైకి వచ్చేదాకా ఆగే ఓపిక ఉండాలి. ఆగకుండా ముందే దూకితే బోర్డు ఇచ్చే తోపు అందదు, ఎత్తు పోతుంది, పల్టీ పూర్తి కాదు. చూసేవాళ్లకు తిరగడం రాలేదనిపిస్తుంది. నిజానికి తప్పు హర్డిల్‌లో (బోర్డు చివరకు వేసే ఆఖరి గెంతులో) ఉంది. కోచ్ ముందు చూడాల్సింది పాదాలను, తర్వాతే తలను.

కొత్త డైవ్ వరస: ముందు ట్రాంపొలిన్ మీద బెల్ట్‌తో, తర్వాత డ్రై బోర్డు నుంచి ఫోమ్ గుంటలోకి, ఆ తర్వాత నీళ్లలో గాలి బుడగలు వదిలే యంత్రం ఆన్ చేసి. ప్రతి మెట్టు దగ్గరా ఎప్పుడు విప్పుకోవాలో కోచ్ గొంతుతో చెప్తారు. ఒక పావు సెకను ఆలస్యంగా అరిస్తే డైవర్ పొట్ట మీద పడతాడు, ఇక ఆ గొంతును నమ్మడు. రివర్స్ గ్రూపులో (ముందుకు దూకి వెనక్కి తిరిగే డైవ్‌లలో) జాగ్రత్త ఇంకా ఎక్కువ ఉండాలి, ఒళ్లు బోర్డు వైపే తిరుగుతుంది కాబట్టి. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో అమెరికా డైవర్ గ్రెగ్ లుగానిస్ తల బోర్డుకు తగిలింది రివర్స్ రెండున్నరలోనే.

స్టాప్‌వాచ్:

పై ఇద్దరూ చెప్పింది సరే, రోజువారీ ప్రాక్టీసు లెక్క చెప్తాను. ఒడ్డున నిలబడి అరవడమే కోచింగ్ అనుకునేవాళ్లకు ఇది చూపించాలి.

డివిజన్ 1, 2 లలో సీజన్‌లో వారానికి 20 గంటలు, రోజుకు 4 గంటలు దాటకూడదు, ఒక రోజు పూర్తిగా సెలవు. మీ అమ్మాయి డివిజన్ 3 కాబట్టి ఈ తలనొప్పి చూసి ఉండదు. అక్కడ సెలవు రోజు నిబంధన ఉంది గానీ 20 గంటల గీత లేదు. సోమ, బుధ, శుక్ర పొద్దున గంటన్నర చొప్పున 4.5. సోమ నుంచి శుక్ర సాయంత్రం రెండేసి గంటలు, 10. శనివారం 2. వెయిట్స్ మూడు గంటలు. మొత్తం 19.5, బాగానే ఉంది. కానీ ఆ వెయిట్స్ గంటను సోమవారం పెట్టారా, ఆ రోజు 1.5 + 2 + 1 = 4.5 అవుతుంది. వారం లెక్క సరిపోయినా రోజు లెక్క తప్పింది, అది ఉల్లంఘనే. అందుకని వెయిట్స్ మంగళ, గురు, శని. మీట్ ఉన్న రోజు ఎంతసేపు పట్టినా 3 గంటలుగానే లెక్క. శీతాకాలం సెలవుల్లో తరగతులు లేనప్పుడు ఈ పరిమితి ఉండదు, ట్రైనింగ్ ట్రిప్‌లు అప్పుడే పెట్టుకునేది అందుకే. "స్వచ్ఛందంగా వచ్చాం" అనే గంటల్లో కోచ్ హాజరు తీసుకున్నా, రానివాళ్లను అడిగినా అది స్వచ్ఛందం కాదు. ప్రమాదం జరక్కుండా చూడటానికి డెక్ మీద ఉండొచ్చు, సెట్ నడపకూడదు.

ఇక సెట్ విషయం. ఒక అమ్మాయి 500 గజాల ఫ్రీస్టైల్ 5:00లో ఈదాలనుకుందాం. 300 సెకన్లు, పది 50లు, ఒక్కో 50కి 30.0. సెట్: 20 × 50, ప్రతి 55 సెకన్లకు ఒకటి, 30.0 పట్టాలి. వరసగా రెండు తప్పితే ఆపి ఒకటి వదిలేసి మళ్లీ ఎక్కాలి. కాగితం మీద చక్కగా ఉంది కదా. ఇప్పుడు లేన్‌లో ఆరుగురిని 5 సెకన్ల తేడాతో వదలండి. ఆఖరివాళ్లు బయల్దేరేది 25వ సెకనుకి, మొదటిది గోడ తాకేది 30కి. ఆఖరి గజాల్లో ఎదురుబొదురు ఢీకొట్టుకుంటారు, ఒకరి చేయి ఇంకొకరి మొహానికి తగులుతుంది. అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. 5 సెకన్ల దూరంలో ముందువాళ్లు లాగిన నీళ్లలో వెనకవాళ్లు తేలిగ్గా పోతారు, గడియారం 30.0 చూపించినా అది వాళ్ల 30.0 కాదు. రేసు వేగం సెట్ అంటే 10 సెకన్ల తేడా, లేన్‌కు ముగ్గురే. 8 లేన్లకు 24 మంది. జట్టులో 50 మంది ఉంటే మిగతా 26 మంది ఎక్కడికి పోతారు? వెయిట్స్‌కా, రెండో షిఫ్టుకా? రెండో షిఫ్టు పెడితే మధ్యాహ్నం ల్యాబ్ క్లాసు ఉన్నవాళ్లకు కుదురుతుందా? కోచ్ రాత్రి కూర్చుని చేసేది ఈ పజిలే.

ఊపిరి బిగబట్టి నీటి అడుగున ఈదే పోటీలు మాత్రం పొరపాటున కూడా పెట్టకూడదు. ముందే గబగబా ఊపిరి పీల్చుకుని దిగితే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోయి, ఊపిరి కావాలన్న హెచ్చరిక రాకముందే స్పృహ పోతుంది. బలమైన ఈతగాళ్లే దీనికి బలవుతారు.

కొత్తలేన్:

మధ్యలో ఒక చిన్న ప్రశ్న. ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నవాళ్లకు ఈ దారి సాధ్యమేనా?

ఐదోలేన్:

సాధ్యమే గానీ ఇరుకు దారి. ఓపీటీ (చదువయ్యాక పని చేసుకునే అనుమతి) 12 నెలలు, పని చదువుకు సంబంధించి ఉండాలి. కైనీషియాలజీ, స్పోర్ట్ మేనేజ్‌మెంట్ లాంటివైతే ఆ సంబంధం చూపించడం తేలిక. ఉద్యోగం లేకుండా 90 రోజులు మించకూడదు, కాబట్టి మేలో డిగ్రీ అయ్యి ఆగస్టు దాకా వేచి చూసే విలాసం లేదు. హెచ్-1బీ ఉద్యోగ వీసాకి యూనివర్సిటీలు లాటరీ పరిమితిలోకి రావు, అది మేలు. అసలు చిక్కు, ఆ ఉద్యోగానికి ఫలానా డిగ్రీ తప్పనిసరి అని నిరూపించడం. "ఏదైనా డిగ్రీ చాలు" అని ప్రకటనలో రాసి ఉంటే ఆ ఒక్క వాక్యంతోనే కేసు బలహీనపడుతుంది. దరఖాస్తు పెట్టేముందే ఆ కాలేజీ అంతర్జాతీయ విభాగంతో మాట్లాడాలి. కోచ్ మాట ఇచ్చినా, పిటిషన్ వేసేది ఆయన కాదు.

నీటిబొట్టు:

అందరికీ చాలా థ్యాంక్సండీ. రిక్రూటింగ్ అనే మాట రెండు మూడు చోట్ల వచ్చింది. అది ఇంత పెద్ద పనా? జట్లు మూసేయడం గురించి కూడా ఎవరైనా చెప్తే బాగుండు.

ఐదోలేన్:

పెద్ద పని కాదండీ, అదే పని. కోచ్‌ను తీసుకునేటప్పుడు, తీసేసేటప్పుడు చూసేది అదే. ముఖ్యంగా డివిజన్ 3లో. అక్కడ క్రీడా స్కాలర్‌షిప్‌లు లేవు, పిల్లలు ఫీజు కట్టి వస్తారు. అందుకే చాలా చిన్న ప్రైవేటు కాలేజీల్లో అడ్మిషన్ల ఆఫీసు కోచ్‌కు రోస్టర్ (జట్టు సభ్యుల జాబితా) సంఖ్య ఒకటి ఇస్తుంది, ఇంతమందిని తేవాలని. మీట్లు గెలిచి ఆ సంఖ్య తప్పిన కోచ్ కంటే, ఓడి ఆ సంఖ్య అందుకున్న కోచ్ కుర్చీ భద్రం. వినడానికి బాగోదు, కానీ ముందే తెలియడం మేలు.

డివిజన్ 1లో రిక్రూట్‌తో మాటలు పదో తరగతి అయ్యాక జూన్ 15 నుంచి, క్యాంపస్ అధికారిక సందర్శన పదకొండుకు ముందు ఆగస్టు 1 నుంచి. ఆ జూన్ 15 రోజు అసిస్టెంట్ ఫోన్ చల్లారదు.

రిక్రూట్‌కు రాసే మెయిల్ ఎలా ఉండాలంటే, "నీ ప్రతిభ మాకు నచ్చింది" అని కాదు. అది అందరూ రాస్తారు. "నీ 200 బట్టర్‌ఫ్లై 2:03.1. పోయినేడు మా కాన్ఫరెన్స్‌లో స్కోరు వచ్చిన ఆఖరి స్థానం 2:04.0. మూడో 50లో నువ్వు 1.5 సెకన్లు పడిపోతున్నావు, మా వాళ్లలో ఇద్దరికి అదే సమస్య ఉండేది, ఇలా సరిచేశాం." ఇలా రాస్తే జవాబొస్తుంది. దీనికి ఒక్కో పేరు మీద పావుగంట కూర్చోవాలి, పన్నెండు మంది రావాలంటే వందల పేర్లు తిరగేయాలి.

టైములు చూసేటప్పుడు ఒక ఉచ్చు ఉంది. అమెరికా కాలేజీ సీజన్ 25 గజాల పూల్‌లో, అంటే 22.86 మీటర్లు. వేరే దేశాల పిల్లల టైములు 50 మీటర్ల పూల్‌వి. మార్పిడి పట్టికతో లెక్కేసి సంబరపడకూడదు. 200లో గజాల పూల్‌కు ఏడు మలుపులు, 50 మీటర్ల పూల్‌కు మూడే. మలుపు, నీటి అడుగు కిక్ బలహీనంగా ఉన్నవాళ్లు పట్టిక చెప్పిన టైము కొట్టరు, బలంగా ఉన్నవాళ్లు దాన్ని దాటిపోతారు. వీడియో అడగాలి, గోడ వదిలాక తల ఎక్కడ పైకొచ్చిందో చూడాలి. నీటి అడుగున 15 మీటర్ల దాకా అనుమతి ఉంటే ఆరు మీటర్లకే లేచేవాళ్లకు బాగుపడే చోటు చాలా ఉందన్నమాట.

స్టాప్‌వాచ్:

జట్ల మూత గురించి. భయం ఉత్తిది కాదు. యూసీఎల్ఏ పురుషుల ఈత 1994లో పోయింది. 2020లో మిషిగన్ స్టేట్ పురుషుల, మహిళల జట్లు రెండూ తీసేసింది, ఈస్ట్ కరోలినా రెండూ తీసేసి మహిళలది మళ్లీ పెట్టింది, అయోవా పురుషులది తీసేసింది. డార్ట్‌మత్, విలియం అండ్ మేరీ తీసేసి మళ్లీ పెట్టాయి. 2025 మార్చిలో కాల్ పాలీ మూసేసింది. అదే ఏడాది జూన్‌లో హౌస్ సెటిల్‌మెంట్ (ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన కేసులో కుదిరిన ఒప్పందం) ఆమోదం పొందాక డివిజన్ 1లో ఆ ఒప్పందంలో చేరిన కాలేజీలు ఆటగాళ్లకు నేరుగా డబ్బివ్వొచ్చు. ఇదివరకటి స్కాలర్‌షిప్ పరిమితి (పురుషులకు 9.9, మహిళలకు 14) పోయి రోస్టర్ పరిమితి వచ్చింది, ఈతకు 30. ఎస్ఈసీ అనే కాన్ఫరెన్స్ తన పురుషుల జట్లకు 22 పెట్టుకుంది. ఆటగాళ్లకిచ్చే డబ్బులో పెద్ద వాటా ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్‌కే పోతుంది, మిగతా ఆటల మీద ఒత్తిడి పెరిగింది. డివిజన్ 3కి ఇందులో సంబంధం లేదు. ఒక రకంగా ఫీజు తెచ్చే జట్టును మూయడానికి అక్కడ తొందరపడరు, కాలేజీయే మూతపడితే తప్ప.

అందుకని ఆఫర్ వచ్చినప్పుడు జీతం అంకెతో పాటు ఇవి అడగాలి: ఒప్పందం 10 నెలలా 12 నెలలా (10 అయితే వేసవిలో హెల్త్ ఇన్సూరెన్స్ ఎవరు కడతారు), వేసవి క్యాంపుల ఆదాయంలో వాటా ఎంత, పూల్ నిర్వహణ కూడా మీ నెత్తినేనా. చిన్న చోట్ల కోచ్‌నే అక్వాటిక్స్ డైరెక్టర్ అంటారు. లైఫ్‌గార్డుల షెడ్యూలు, క్లోరిన్, పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉంచడం, అన్నీ చూసుకోవాలి. ఆ పని తప్పదనిపిస్తే సీపీఓ (పూల్ నిర్వహణ సర్టిఫికెట్) కోర్సు చేసి పెట్టుకోవడం నయం, రెండు రోజుల పని, ఐదేళ్లు చెల్లుతుంది. పూల్ పాతదై గాలి యంత్రాలు సరిగ్గా లేకపోతే ఈతగాళ్ల దగ్గు, మంటలెక్కిన కళ్లు మీ సమస్య అవుతాయి. ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు పూల్ గది తలుపు తీయగానే ముక్కు మండించే వాసన వస్తే, అది క్లోరిన్ ఎక్కువై కాదు, క్లోరమైన్లు (క్లోరిన్ చెమట లాంటి వాటితో కలిసి తయారయ్యేవి) పేరుకుని. మరమ్మతు బడ్జెట్ ఎంతుందో అక్కడే అడిగేయాలి. అథ్లెటిక్ డైరెక్టర్ నీళ్లు నమిలితే ఆ పూల్ ఎన్నాళ్లుంటుందో అర్థమైపోతుంది.

స్ప్రింగ్‌బోర్డు:

నీటిబొట్టు గారూ, మీ అమ్మాయికి ఇంకో సీజన్ మిగిలుంది కాబట్టి చెప్తున్నాను. ఈ ఏడాది హోమ్ మీట్లలో తను ఈదని రోజు ఏదైనా ఉంటే డైవింగ్ టేబుల్ దగ్గర కూర్చోమనండి. డైవ్ షీట్‌లో నంబరు, భంగిమ, కష్టాంకం సరిపోలాయో లేదో చూడటం అక్కడ పని. షీట్ మీద 5132డి రాసి డైవర్ వేరే డైవ్ వేస్తే అది ఫెయిల్, సున్నా. సంతకం పెట్టేముందు ఆ తప్పు పట్టుకునేవాళ్లు ప్రతి జట్టుకూ కావాలి. ఒక్క సీజన్ షీట్లు చూస్తే నంబర్లు వాటంతటవే వచ్చేస్తాయి: మొదటి అంకె గ్రూపు, మూడోది సగం పల్టీలు ఎన్నో చెప్తుంది. 103లో మూడు సగాలు, అంటే ఒకటిన్నర. 5తో మొదలైతే ట్విస్ట్, అందులో రెండో అంకె ఎటువైపో, మూడోది సగం పల్టీలు, నాలుగోది సగం ట్విస్టులు.